ఉప్పువాగు దగ్గర నలభై సెకన్లు

గుంటూరు,
జూన్ 3

బావగారికి,

సలాం. ఉత్తరం చూసి కంగారు పడకండి, అందరం బాగానే ఉన్నాం. ఫోన్ చేస్తే మీ దగ్గర మూడే మాటలున్నాయి: "ఊ", "సరే", "ఉంటా మరి". ఆ మూడింటి కోసం పదిసార్లు ఫోన్ చేయడం కంటే ఉత్తరం నయమనిపించింది. జవాబు రాయాలంటే మర్యాదకైనా సగం పేజీ నింపాలి కదా. నేను హాస్టల్లో ఉన్నప్పుడు అక్క నాలుగు పేజీలు రాసేది, అడుగున మీరు ఒక లైను. "బాగా చదువుకో. బావ." నాలుగేళ్ళూ అదే లైను. ఇప్పుడు నాలుగు పేజీలు రాసే మనిషి లేదు కాబట్టి ఆ భారం మీదే.

అసలు సంగతికి వస్తాను. అక్టోబరు వానలకి ముందు జిల్లాలో వాగుల మీది ఏ చప్టా బాగుచేయాలి, ఏ రోడ్డుకి ఈ ఏడు గడిచిపోతుంది, ఏది తెగితే ఎన్ని ఊళ్ళకి దారి పోతుంది, ఇవన్నీ చూసి రోడ్ల ఇంజనీర్లకి సలహా చెప్పే ప్రోగ్రాం ఒకటి మా ఆఫీసులో తయారు చేశాం. దానికి ఇంగ్లీషులో బారెడు పేరుంది. మేం మాత్రం 'పెద్దాయన' అంటాం. సలహా చెబుతాడు, ఎందుకో చెప్పడు. అందుకని.

పెద్దాయనకి కళ్ళు లేవు. జనం ఫోన్లే ఆయనకి కళ్ళు. బండి గుంతలో పడితే ఫోను కుదుపును పట్టుకుంటుంది, ఎక్కడ పడిందో కూడా చెబుతుంది. పాల ఆటోలు, పోస్టు బళ్ళు, మిర్చి లారీలు, ఇలా చాలామంది ఫోన్లు ఇచ్చారు. మీ ఊరి దారిలో మాత్రం ఒక్కరూ లేరు. ఉప్పువాగు చప్టా ఎదురుగా 'వివరం లేదు' అని ఉంది. వివరం లేని చోటికి సిమెంటు రాదు బావగారూ. నాలుగు వందల చప్టాల్లో ఈ ఏడు అరవయ్యే బాగుచేస్తారు. ఆగస్టు ముప్పై ఒకటిన జాబితా మూసేస్తారు. నేనెప్పుడూ పొదిలి వైపు నుంచే వచ్చాను కాబట్టి ఆ చప్టా ఎలా ఉంటుందో నాకూ తెలియదు. మీరు రోజూ దాని మీదుగానే దర్శి కొట్టుకి వెళ్తారు. మీ స్కూటర్ మీద ఒక ఫోను పెట్టండి. పాతదైనా చాలు. యాప్ ఎలా పెట్టాలో వెనక కాగితంలో రాశాను.

మీ మరదలు,
కౌసర్


నల్లగుంటపాలెం,
జూన్ 9

కౌసర్‌కు,

ఉత్తరం అందింది. సగం పేజీ అన్నావు. ప్రయత్నిస్తాను.

యాప్ ఆరో తేదీ నుంచి నడుస్తోంది. ఇంట్లో ఒక ఫోను ఖాళీగా ఉంది. అది పెట్టాను. ఉదయం ఎనిమిదీ నలభైకి బయలుదేరతాను. సాయంత్రం ఆరున్నరకు కొట్టు మూసి వస్తాను. పోనూ రానూ ఇరవై ఎనిమిది కిలోమీటర్లు. చప్టా ఊరు దాటగానే ఉంది. ఇంకా ఉంది.

ఈ కాలంలో పరుపులు కొనేవాళ్ళు తక్కువ. ఒక పెళ్ళివారు వచ్చి నురుగు పరుపు ఉందా అన్నారు. దూదిది చూపించాను. బరువుగా ఉందన్నారు. బరువు లేనిది పరుపెలా అవుతుందో నాకు తెలియదు.

పక్కింటి హనుమాయమ్మ గుర్తుందా. పొలం పనులకు ఆడకూలీల ముఠాను తీసుకెళ్ళే మేస్త్రి. నేను ఫోను కట్టడం చూసింది. "దాన్ని రోజూ బండెక్కించి తిప్పుతున్నావు, దానికేమన్నా మొక్కుందా సుభానీ?" అంది. ప్రభుత్వ పని అని చెప్పాను. నమ్మలేదు.

సగం పేజీ అయింది.

సుభానీ


గుంటూరు,
జూన్ 20

బావగారికి,

సగం పేజీ కాదు, కొలిచాను, పావు తక్కువ. అయినా నేను హాస్టల్లో అందుకున్న మొత్తం కంటే ఎక్కువే కాబట్టి ఒప్పుకున్నాను.

మీ కుదుపులు అందుతున్నాయి. అందుతున్నాయి అనడం కూడా ఎక్కువే. రావడం లేదు. ఆఫీసంతా మీ రోడ్డు గురించే మాట్లాడుతోంది. దర్శి నుంచి మీ ఊరి దాకా పద్నాలుగు కిలోమీటర్లు పాలరాతి నేలలా ఉందట. నా పక్క సీటు త్రినాథ్ ఈ జిల్లాలో తిరగని ఊరు లేదు. అతను తెర చూసి, "మీ బావగారు స్కూటర్ మీద వస్తున్నారా, పడవ మీదా?" అన్నాడు. పెద్దాయన అయితే మీ దారిని జిల్లాలోకెల్లా మంచి దారి అని పొగుడుతున్నాడు. ఇలాగే పొగిడితే చప్టాకి చిల్లిగవ్వ రాదు.

ఫోను ఎక్కడ పెట్టారు? దాని కింద ఏమైనా ఉందా? దయచేసి ఉన్నది ఉన్నట్టు రాయండి.

కౌసర్


నల్లగుంటపాలెం,
జూన్ 27

కౌసర్‌కు,

ఫోను వెనక సీటు మీద కట్టాను. వెనక సీటు ఖాళీ కనుక.

దాని కింద మెత్త ఉంది. నేనే కుట్టాను. ముప్పావు కిలో దూది, మూడుసార్లు ఏకింది. ఐదేళ్ళ క్రితం మీ అక్కకు నడుం నొప్పి వచ్చినప్పుడు డాక్టరు బండెక్కవద్దన్నాడు. ఎక్కుతానంది. అందుకని కుట్టాను. కుదుపు తెలియకుండా ఉండటమే దాని పని. పని బాగానే చేస్తోందని నీ ఉత్తరం వల్ల తెలిసింది.

ఫోను తీసి ముందు హ్యాండిల్‌కు బిగించాను. మెత్త తీయలేదు.

కొట్టు మామూలే. వానలు ఆలస్యం. పత్తి గింజలు పెట్టినవాళ్ళు ఆకాశం చూస్తున్నారు.

సుభానీ


గుంటూరు,
జూలై 12

బావగారికి,

మెత్త సంగతి చదివి నవ్వాను, ఆ తర్వాత నవ్వలేదు. దాన్ని తీయమని నేను అనలేదు, ఎప్పుడూ అనను. త్రినాథ్‌కి చెబితే, తన బండికీ ఒకటి కుట్టిపెడతారా అని అడిగాడు.

ఫోను ముందుకి మారాక మీ రోడ్డు నిజం చెప్పడం మొదలుపెట్టింది. గుంతలు నూట పదిహేడు. పెద్దాయన పొగడ్తలు ఆపేశాడు.

ఒక్కచోటే అర్థం కావడం లేదు. ఉప్పువాగు దగ్గర చప్టాకి ఇవతల మీరు ఆగుతున్నారు. నలభై సెకన్లు. తర్వాత మనిషి నడిచే వేగంతో చప్టా దాటుతున్నారు. అవతల మళ్ళీ నలభై సెకన్లు. పొద్దున, సాయంత్రం, శుక్రవారాలతో సహా, ఒక్కరోజు కూడా తప్పలేదు. అంత మెల్లగా పోతే కుదుపు రాదు కదా, అందుకని పెద్దాయన చప్టా బాగుందనుకుంటున్నాడు. ఆగిన చోటికి 'కారణం' అనే గడి ఒకటి ఉంది. నింపితేనే ఆయన దాన్ని సరిగా లెక్కలోకి తీసుకుంటాడు.

ఏం రాయమంటారు? ఇంకెవరివైనా ఫోన్లు దొరికితే మంచిది. ఒక్కరి మాట కంటే పదిమందిది బలం.

కౌసర్


నల్లగుంటపాలెం,
జూలై 18

కౌసర్‌కు,

ఆ గడిలో 'కళ్ళజోడు తుడుచుకోవడం' అని రాయి.

ఫోన్లు అడిగావు. హనుమాయమ్మకు చెప్పాను. చప్టా కోసం అనగానే ముఠాలో పదకొండు మందినీ వరసగా నిలబెట్టింది. అందరి ఫోన్లలో యాప్ పెట్టాను. ఇప్పుడు కలుపు తీతకు వాగు అవతలకు ఆటోలో వెళ్తున్నారు. ఫోన్లు రొంటిన పెట్టుకుంటారు. "మా నడుములు ఎంత కుదులుతున్నాయో గవర్నమెంటుకి ఇప్పటికైనా తెలియాల" అంది.

సాయం చేశామన్న సంతోషంతో నాకు గోంగూర పచ్చడి ఇచ్చింది. కారం ఎక్కువ.

సుభానీ


గుంటూరు,
ఆగస్టు 6

బావగారికి,

కూర్చుని చదవండి. పెద్దాయన ఉప్పువాగు మీద తీర్పు చెప్పాడు.

పదకొండు మంది ఆడవాళ్ళు రోజూ ఇవతల గట్టున బండి దిగుతున్నారు, కాస్త నడుస్తున్నారు, అవతల గట్టున ఎక్కుతున్నారు. సుభానీ అనే ఆయన కూడా రెండు పక్కలా ఆగుతున్నారు. ఇంతమంది ఎక్కేదీ దిగేదీ అయితే అది ఏమిటి? బస్టాపు. కాబట్టి అక్కడ ఒక షెల్టర్ కట్టాలి, కూర్చోవడానికి సిమెంటు బల్ల వేయాలి. ఇక చప్టా అంటారా, దాని మీద కుదుపు లేదు, బాగుంది. నాలుగు వందల్లో మూడు వందల అయిదో స్థానం. ఎంత ఎక్కువ ఫోన్లు పెడితే ఆయనకి బస్టాపు మీద అంత నమ్మకం కుదిరింది. త్రినాథ్ పదకొండో తేదీన షెల్టర్‌కి కొలతలు తీసుకోవడానికి వస్తున్నాడు.

వాళ్ళెందుకు దిగుతున్నారో నాకు తెలియదు. చూడని చోటు గురించి నేను ఏం చెప్పినా ఆఫీసులో చెల్లదు. మీకు తెలుసు. కళ్ళజోడు అని రాశారు. రోజుకి నాలుగుసార్లు, ప్రతిసారీ నలభై సెకన్లు, రెండు నెలలు! ఆ అద్దాలు ఈపాటికి అరిగిపోయి ఉండాలి. మీకు అబద్ధం చెప్పడం చేతకాదని అక్క ఎప్పుడూ అనేది. నేనే నమ్మలేదు.

అక్టోబరు వానలకి ఆ చప్టా పోతే మీ ఊరు ఒక పక్క, పొలాలు ఒక పక్క అయిపోతాయి. పత్తి తీతకి వాళ్ళు అవతలకి ఎలా వెళ్తారు? కారణం రాయండి బావగారూ. ఇంకా ఇరవై ఐదు రోజులే ఉంది.

కౌసర్


నల్లగుంటపాలెం,
ఆగస్టు 14

కౌసర్‌కు,

త్రినాథ్ వచ్చాడు. మంచి పిల్లవాడు. టేపు పట్టుకుని గట్టున కొలుస్తున్నాడు. అదే సమయానికి ముఠా ఆటో వచ్చింది. ఆడవాళ్ళు దిగారు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

హనుమాయమ్మ ఏం కొలుస్తున్నావని అడిగింది. బస్ షెల్టర్ అన్నాడు. ఎవరికని అడిగింది. బస్సు కోసం ఆగేవాళ్ళకన్నాడు.

"ఈ రోడ్డు మీద బస్సు కనపడి ఆరేళ్ళయింది నాయనా. దానికోసం ఇంకా ఎదురుచూసేది మీ ఆఫీసొక్కటే."

"మరి ఎందుకు దిగుతున్నారండీ ఇక్కడ?"

"మేం దిగకపోతే ఆటో దిగుద్ది. వాగులోకి."

చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి చప్టా అంచు చూపించింది. మూడడుగుల మేర లేదు. మూడు తూముల్లో రెండు పూడిపోయాయి. త్రినాథ్ అంచు మీద కాలితో తట్టాడు. ఒక పెచ్చు ఊడి నీళ్ళలో పడింది. అతను రెండడుగులు వెనక్కి వచ్చాడు. టేపు చుట్టేశాడు.

ఫోటోలు తీసుకున్నాడు. కానీ వాటితో పని జరగదన్నాడు. పెద్దాయన మాటను మనిషి మాట దాటాలంటే అరవై రోజుల రికార్డు ఉన్న ఫోను మనిషి, ఎందుకు ఆగుతున్నాడో సంతకం చేసి రాయాలట. ముఠా ఫోన్లకు ఇంకా నెల కూడా కాలేదు. అరవై రోజులు నిండినది నాదొక్కటే. అప్పుడు నన్ను అడిగాడు. వాళ్ళంటే ఆటో బరువు తగ్గించడానికి దిగుతున్నారు, మీరు ఒక్కరే కదా, మీరెందుకు రెండు పక్కలా ఆగుతున్నారు అని.

రాసి పంపుతానన్నాను.

ఇంకా రాయలేదు.

సుభానీ


గుంటూరు,
ఆగస్టు 21

బావగారికి,

ఈ ఉత్తరంలో హాస్యం లేదు. క్షమించండి.

జూన్ ఆరున పొద్దున ఎనిమిదీ నలభైకి నా తెర మీద నల్లగుంటపాలెంలో ఒక కొత్త చుక్క వెలిగింది. దాని పక్కన పేరు వచ్చింది. గుల్షన్. యాప్ ఫోన్లో ఉన్న పేరే తీసుకుంటుంది. మీరు ఏ ఫోను పెట్టారో ఆ రోజే తెలిసింది. బయటికి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చాను. ఆఫీసు కాగితాల్లోకి మీ పేరు మార్చాను. నా తెర మీద మాత్రం మార్చలేదు.

రోజూ కాఫీ తెచ్చుకుని ఆ టైముకి కూర్చుంటాను. చుక్క కదులుతుంది. అక్క దర్శి వెళ్తోంది అనుకుంటాను. ఉప్పువాగు దగ్గర ఆగుతుంది. నేనూ కప్పు కింద పెట్టి ఆగుతాను. మళ్ళీ కదిలాక తాగుతాను. రెండున్నర నెలలుగా నా కాఫీ చల్లారిపోతోంది.

ఆ ఫోనుకి మీరు ఈ తొమ్మిది నెలలూ రీఛార్జి చేయిస్తున్నారని కూడా అర్థమైంది. చేయించకపోతే యాప్ ఎక్కదు.

అందుకని నా దగ్గర సిగ్గుపడకండి. మీరెందుకు ఆగుతున్నారో నేను సగం ఊహించాను. కానీ నా ఊహ గడిలో పట్టదు. మీ చేతిరాత కావాలి. పది రోజులుంది.

కౌసర్


నల్లగుంటపాలెం,
ఆగస్టు 25

జిల్లా రోడ్ల ఇంజనీరు గారికి,

విషయం: ఉప్పువాగు చప్టా దగ్గర నేను ఆగడానికి కారణం.

నా పేరు నూర్‌బాషా సుభానీ, బి.ఎస్సీ. దర్శిలో దూది పరుపుల కొట్టు ఉంది. నా భార్య గుల్షన్ కొట్టులో గలేబులు కుట్టేది. ఇద్దరం రోజూ ఒకే స్కూటర్ మీద వెళ్ళేవాళ్ళం.

రెండేళ్ళ క్రితం వానల్లో చప్టా ఎడమ అంచు విరిగింది. మా బండి ఒరిగింది. పడలేదు. ఆ రోజు నుంచి ఆమె ఇవతల గట్టున, "నేను దిగుతాను, మీరు దాటండి" అనేది. మోకాలు సరిగా వంగదు కనుక దిగడానికి నలభై సెకన్లు పట్టేది. ఆమె ముందు నడిచేది. నేను బండిని నడక వేగంతో వెనకే తెచ్చేవాణ్ణి. అవతల ఎక్కి, మెత్త సర్దుకుని, నా భుజం మీద ఒక్కసారి తట్టేది. పోదామని అర్థం. దానికి నలభై సెకన్లు.

గత నవంబరులో ఆమె చనిపోయింది. పదకొండు రోజులు ఆస్పత్రిలో ఉంది. చప్టాకు దానితో సంబంధం లేదు. రికార్డులో తప్పు ఉండకూడదని రాస్తున్నాను.

ఆ తర్వాత కూడా ఆగుతున్నాను. ఆగకుండా పోవడానికి రెండుసార్లు చూశాను. రెండుసార్లూ అవతల గట్టుకు చేరాక వెనక్కి తిరిగి చూశాను, ఎవరినో ఇవతలే వదిలేసి వచ్చినట్టు. అందుకని ఆగడమే తేలిక.

కళ్ళజోడు అని ముందు రాసిన కారణం నిజం కాదు. అది కొట్టివేయగలరు.

ఇది బస్టాపు కాదు. ఇక్కడ దిగేవాళ్ళు ప్రయాణం ముగిసి దిగడం లేదు. దారి మోయలేదని దిగుతున్నారు. అంచు మూడడుగులు లేదు. రెండు తూములు పూడిపోయాయి. రోజుకు పదకొండు మంది కూలీలు నడిచి దాటుతున్నారు. పత్తి తీతకు ఇంకా ఎక్కువ మంది వస్తారు.

ఇట్లు,
ఎన్. సుభానీ

కౌసర్, ఇది ఎంతమంది చదవడం తప్పదో అంతమందే చదవాలి.


గుంటూరు,
సెప్టెంబరు 10

బావగారికి,

నలభై ఒకటి! మూడు వందల అయిదు నుంచి నలభై ఒకటికి ఎగబాకింది మీ చప్టా. అరవైలో ఉంది. సంతకాలయ్యాయి. మిగిలినదంతా నిదానంగా చదవండి.

మీరు చెప్పినట్టే నేను కాక ముగ్గురే చదివారు. ఒకరు ఇంజనీరు గారు. రెండు త్రినాథ్. మూడు మా టీమ్ పెద్ద నాగజ్యోతి మేడం. ఆవిడ చివరిదాకా చదివి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆవిడ నిజంగానే తుడుచుకున్నారు బావగారూ.

తర్వాత ఆవిడ ఒక వాక్యం కింద గీత గీశారు. 'దారి మోయలేదని దిగుతున్నారు.' ఆ సాయంత్రమే పెద్దాయనకి కొత్త పాఠం మొదలైంది: జనం ఒకచోట దిగి, కాస్త నడిచి, వెంటనే అదే బండి ఎక్కితే అది బస్టాపు కాదు, భయం. జిల్లా అంతా వెతికిస్తే ఇరవై ఏడు చోట్లు దొరికాయి. ఇన్నాళ్ళూ అవన్నీ 'బాగున్నాయి' అనే గడిలో ఉన్నాయి. వాటిలో తొమ్మిదికి ఈ ఏడే మరమ్మతు.

ఉత్సాహం పట్టలేక పెద్దాయనని గుంటూరు వైపు కూడా వదిలారు. పెదకాకాని గుడి దగ్గర జనం దిగుతున్నారు, నడుస్తున్నారు, మళ్ళీ అదే బండి ఎక్కుతున్నారు. అక్కడ ఏదో కూలిపోబోతోందని ఆయన ఎర్రజెండా ఎత్తాడు. దణ్ణం పెట్టుకుని వస్తున్నారని ఆయనకి చెప్పడానికి త్రినాథ్‌కి ఒక పూట పట్టింది.

ఇరవయ్యో తేదీన మీ దగ్గర పని మొదలవుతుంది. హనుమాయమ్మ గారికి చెప్పండి.

కౌసర్


నల్లగుంటపాలెం,
నవంబరు 4

కౌసర్‌కు,

ఆలస్యమైంది. పని జరుగుతున్నన్నాళ్ళు పొదిలి వైపు తిరిగి వెళ్ళాను. ఒక్క వైపుకే ఇరవై ఆరు కిలోమీటర్లు. చేరేసరికి రాయడానికి ఏమీ మిగిలేది కాదు.

అక్టోబరు పంతొమ్మిదికి చప్టా పూర్తయింది. పాత తూములు తీసేసి సిమెంటు పెట్టెలు దించారు. రెండు పక్కలా పిట్టగోడ. ఇరవై ఏడున వాయుగుండం వచ్చింది. మూడు రోజులు వాన. వాగు మనిషెత్తున వచ్చింది. ఊళ్ళో సగం మంది గొడుగులు వేసుకుని చూడటానికి వెళ్ళారు. నేనూ వెళ్ళాను. నీళ్ళు కింద నుంచే పోయాయి.

నాలుగో రోజు పత్తి తీతకు ముఠా ఆటో కదిలింది. చప్టా మీద ఆడవాళ్ళెవరూ దిగలేదు. హనుమాయమ్మ ఆటోలో నుంచి తల బయటపెట్టి, "ఏం సుభానీ, ఆ బల్ల కూడా వేయమని రాయి. అదెందుకు వదులుకోవాల?" అంది. నీకు చెప్పమంది. చెప్పాను.

మొన్న రెండో తేదీకి ఏడాది అయింది. నువ్వు ఫోన్ చేశావు. నేను "ఊ" అన్నాను. అంతకంటే రాలేదు. నీకు అర్థమయ్యే ఉంటుంది.

త్రినాథ్‌కు మెత్త కుట్టాను. పార్సిల్ చేస్తాను. డబ్బు పంపవద్దని చెప్పు.

సుభానీ


గుంటూరు,
డిసెంబరు 2

బావగారికి,

త్రినాథ్ మెత్త వేసుకుని తిరుగుతున్నాడు. ఆ ఫోను ముందు బిగించుకోమని రోజూ గుర్తుచేస్తున్నాం, మళ్ళీ ఇంకో జిల్లా పాలరాయి కాకుండా.

ఇప్పుడొక చిక్కు వచ్చింది, మీతోనే. కొత్త చప్టాలన్నీ ఎలా ఉన్నాయో పెద్దాయన నెల నెలా చూసుకుంటాడు. ఉప్పువాగు మీద ఆటోలు, ట్రాక్టర్లు, అందరూ ముప్పై వేగంతో పోతున్నారు. ఒకే ఒక్క ఫోను ఇంకా ఇవతల నలభై సెకన్లు, అవతల నలభై సెకన్లు ఆగుతోంది. మీ పాఠం ఆయనకి బాగా ఎక్కింది. 'భయం ఉంది, కొత్త కట్టడంలో లోపం ఉండవచ్చు' అని ఎర్రజెండా ఎత్తాడు. కట్టిన కాంట్రాక్టరు లబోదిబోమంటున్నాడు. పదిహేనున త్రినాథ్ తనిఖీకి రావాలి.

మీరేం చేయాలో నేను చెప్పను. కావాలంటే ఆ ఫోనుని జాబితాలోంచి తీసేస్తాను, అప్పుడు ఎవరూ ఏమీ అడగరు. నా తెర మీద నుంచి కూడా పోతుంది, అంతే. పోనీ కారణం రాస్తారా? గడి ఖాళీగా ఉంది.

కౌసర్


నల్లగుంటపాలెం,
డిసెంబరు 8

కౌసర్‌కు,

లోపం లేదు. చప్టా గట్టిగా ఉంది. కాంట్రాక్టరును నిద్రపొమ్మను. త్రినాథ్ తనిఖీకి అక్కర్లేదు, భోజనానికి రమ్మను. హనుమాయమ్మ పచ్చడి ఉంది.

ఫోను తీయకు.

మెత్తలో దూది ఉండలు కట్టింది. ఆదివారం విప్పి, మళ్ళీ ఏకి, కొత్త గలేబు వేశాను. కొట్టులో ఆమె కుట్టినవి ఇంకా ఆరు ఉన్నాయి. నీలంది తీశాను.

ఈరోజు ఇవతల గట్టున అలవాటు ప్రకారం బ్రేకు మీద కాలు వేశాను. రోడ్డు మీద ఎవరూ లేరు. ఇక దిగనక్కర్లేదు, దారి బాగుందని పైకే చెప్పాను. దాటాను. అవతల వెనక్కి తిరిగి చూడలేదు. దిగలేదు కనుక చూడాల్సిన పని లేదు.

భుజం మీద తట్టడం మాత్రం లేదు. అది అలవాటు కావాలి.

గడిలో ఏమీ రాయవద్దు. రేపు ఎనిమిదీ నలభైకి కాఫీ తెచ్చుకుని చూడు. వేడిగా ఉండగానే తాగు. మేం ఆగం.

బావ